న్యాయ విద్యకు తర్కమే తొలి గడప

వాన పడితే పంట పండుతుంది. వాన పడితేనే పంట పండుతుంది. ఈ రెండు వాక్యాల మధ్య కంటికి కనిపించే తేడా ఒకే ఒక్క అక్షరం. మొదటి మాట అన్న రైతు బావి నీటితో కూడా పంట పండించుకోవచ్చు. ఆ అవకాశాన్ని అతని మాట కాదనడం లేదు. రెండవ మాట అన్న రైతుకు వాన తప్ప వేరే దిక్కు లేదు. అయితే వాన పడినంత మాత్రాన పంట ఇంటికి చేరి తీరుతుందన్న హామీ ఆ మాటలో లేదు. పురుగు పట్టవచ్చు, కోత సమయానికి తుపాను రావచ్చు. ఈ తేడాను పల్లెటూరి పిల్లవాడికి ఎవరూ పాఠంగా చెప్పనక్కర లేదు. నిత్యం వింటున్నదే, అంటున్నదే. కాని సరిగ్గా ఇదే తేడా ఇంగ్లీషులో, 450 పదాల వ్యాస భాగంలో, ప్రశ్నకు ఒక్క నిమిషం గడువుతో ఎదురైనప్పుడు ఇంటర్మీడియట్‌లో తొంభై శాతం మార్కులు తెచ్చుకున్న విద్యార్థి సైతం తడబడుతున్నాడు.

దేశంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలలో ఐదేళ్ల న్యాయశాస్త్ర కోర్సులో చేరగోరే వారికి ఏటా నిర్వహించే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ‘క్లాట్’లో తార్కిక విశ్లేషణ విభాగం వాటా దాదాపు ఐదోవంతు. మొత్తం 120 ప్రశ్నలలో 22 నుంచి 26 వరకు ఈ విభాగానివే. ఇందులో జవాబు చెప్పడానికి ముందుగా ఏ శాస్త్రమూ చదివి ఉండనక్కర లేదని పరీక్ష నిర్వాహకులు అంటారు. ఆ మాట నిజమే. కాని ‘చదవవలసింది ఏమీ లేదు’ అన్న మాటను ‘సాధన చేయవలసింది ఏమీ లేదు’ అని అర్థం చేసుకున్న వారు ఏటా నష్టపోతున్నారు. అలా అర్థం చేసుకోవడమే ఒక తార్కిక దోషమన్న సంగతి వారికి ఫలితాలు వచ్చిన తరువాత గాని తెలియడం లేదు.

పజిళ్ల నుంచి వాదాల దాకా

బెంగుళూరులో జాతీయ న్యాయ విద్యాలయం 1986 నాటి చట్టం ద్వారా ఏర్పడి, ఎన్.ఆర్. మాధవ మీనన్ సారథ్యంలో 1988లో తొలి తరగతులు ప్రారంభించింది. ప్లస్ టూ పూర్తి కాగానే ఐదేళ్ల న్యాయ విద్య అన్న ఆలోచన అక్కడ ఫలించిన తరువాత భోపాల్, హైదరాబాద్, కలకత్తా, జోధ్‌పూర్, రాయ్‌పూర్, గాంధీనగర్‌లలో అదే కోవకు చెందిన సంస్థలు వెలిశాయి. హైదరాబాద్‌లోని నల్సార్ 1998లో ఏర్పడింది. అయితే ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క పరీక్ష, ఒక్కొక్క దరఖాస్తు, ఒక్కొక్క రుసుము. రెండు పరీక్షలు ఒకే రోజున పడితే ఏదో ఒకటి వదులుకోవలసిందే. ఈ ఇబ్బందిపై 2006లో సుప్రీంకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం దాఖలైంది. ఆ తరువాత 2007 నవంబరులో ఏడు విశ్వవిద్యాలయాలు ఉమ్మడి పరీక్షకు అంగీకరించగా, 2008 మే నెలలో తొలి ‘క్లాట్’ జరిగింది. నేడు ఇరవైకి పైగా జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలు ఈ పరీక్ష ద్వారానే ప్రవేశాలు కల్పిస్తున్నాయి. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం తన పరీక్షను విడిగా నిర్వహించుకుంటున్నది. ఆ పరీక్షలో తర్కానికి మరింత పెద్ద పీట: 150 ప్రశ్నలలో 70 ఆ విభాగానివే.

తొలి పుష్కరకాలం పాటు తార్కిక విభాగమంటే బ్యాంకు పరీక్షలలో కనిపించే ప్రశ్నలకు దగ్గరగానే ఉండేది. ‘ఎ’కు ‘బి’ మేనమామ అయితే ‘సి’ ఏమవుతాడు, గుండ్రని బల్ల చుట్టూ ఎనిమిది మంది ఎలా కూర్చున్నారు, ఒక మాటను సంకేత భాషలో ఎలా రాస్తారు వంటివి. వీటికి సూత్రాలు ఉన్నాయి. సూత్రం పట్టుబడితే జవాబు చేతికి వచ్చినట్లే. 2020లో పరీక్ష స్వరూపం మారిపోయింది. ప్రతి విభాగంలోనూ ముందు ఒక వ్యాస భాగం, దాని కింద ప్రశ్నలు అన్న పద్ధతి అమలులోకి వచ్చింది. అంతకు ముందు 200గా ఉన్న ప్రశ్నలు తొలుత 150కి, 2023 డిసెంబరు పరీక్ష నుంచి 120కి తగ్గాయి. గడువు మాత్రం రెండు గంటలే. తార్కిక విభాగంలో ఇప్పుడు విద్యార్థి చేయవలసిన పని వేరు. ఒక వాదాన్ని గుర్తించాలి, దాని ఆధారాలను, నిర్ధారణను విడదీయాలి, చెప్పకుండా వదిలివేసిన మాటను పట్టుకోవాలి, వాదాన్ని బలపరిచే లేదా బలహీనపరిచే అంశం ఏదో తేల్చాలి. మేనమామలు, గుండ్రని బల్లలు పూర్తిగా కనుమరుగయ్యాయని భావించి వాటిని గాలికి వదిలేయడం కూడా క్షేమం కాదు. కాని బలమంతా వాదాలపైనే పెట్టాలి.

ఈ మార్పు భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలో 1948 నుంచి జరుగుతున్న న్యాయ ప్రవేశ పరీక్ష ‘ఎల్‌శాట్’లో బొమ్మలు గీసుకుని పరిష్కరించవలసిన పజిళ్ల విభాగం ఒకటి ఉండేది. బొమ్మ గీయలేని అంధ అభ్యర్థులకు అది అన్యాయమన్న వివాదంలో 2019లో రాజీ కుదిరింది. ఫలితంగా 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్ని తొలగించి, దాని స్థానంలో మరొక తార్కిక విశ్లేషణ విభాగాన్ని చేర్చారు. అదే సంస్థ భారతదేశం కోసం 2009లో ప్రారంభించిన పరీక్ష 2024తో ముగిసిపోయింది. అయినా దాని పాత ప్రశ్నలను మన విద్యార్థులు సాధన కోసం వెదికి మరీ చదువుతూనే ఉన్నారు.

ఉల్లి ధరలో దాగిన ప్రశ్న

ఈ విభాగం లోతు తెలియాలంటే ఒక నమూనాను విప్పి చూడడమే మేలు. ఉల్లి ఎగుమతులను కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నిషేధించి 2024 మే నెలలో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ నిర్ణయాన్ని సమర్థిస్తూ ఒక వ్యాసకర్త ఇలా రాశాడని అనుకోవచ్చు: ‘ఎగుమతులు ఆగిన కొన్ని వారాలలో బజారులో ఉల్లి ధర తగ్గింది. కనుక నిషేధమే ధరను తగ్గించింది. ఇకపై ధర పెరిగినప్పుడల్లా ఎగుమతులను ఆపడమే ప్రభుత్వం ముందున్న మార్గం.’

వాదాన్ని అన్నింటికంటే ఎక్కువగా బలహీనపరిచే అంశం ఏది అన్నది ప్రశ్న. నిషేధం వల్ల రైతులు నష్టపోయారన్నది ఒక జవాబు. నిషేధం ఎత్తివేసినప్పుడు ఎగుమతి సుంకం విధించారన్నది రెండవది. అవే వారాలలో ఖరీఫ్ పంట పెద్ద ఎత్తున మార్కెట్‌కు చేరిందన్నది మూడవది. ఉల్లి లేనిదే కూర వండని రాష్ట్రాలు చాలా ఉన్నాయన్నది నాలుగవది.

రైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి చేయి మొదటి జవాబు వైపే పోతుంది. అది నిజం కావచ్చు, న్యాయమైన ఆవేదన కూడా కావచ్చు. కాని ప్రశ్న ధర ఎందుకు తగ్గిందన్నది. రైతు నష్టం ఆ ప్రశ్నకు సమాధానం కాదు. ధర తగ్గడానికి నిషేధం కాక మరో కారణం ఉండి ఉండవచ్చునని చూపుతున్నది మూడవ జవాబు ఒక్కటే. నిషేధంతో ధర తగ్గనేలేదని అది రుజువు చేయడం లేదన్న సంగతిని కూడా గమనించాలి. బలహీనపరచడం వేరు, పడగొట్టడం వేరు. ప్రశ్న అడిగింది మొదటిదే.

తాటిచెట్టుపై కాకి వాలడం, అదే క్షణంలో పండు రాలడం చూసి కాకి వల్లనే పండు రాలిందనుకోవడాన్ని మన పెద్దలు ‘కాకతాళీయం’ అన్నారు. పత్రికలలో రోజుకు పదిసార్లు వాడే ఈ మాట అసలు ఒక తార్కిక దోషం పేరు అన్నది చాలామంది మరచిపోయారు. ‘క్లాట్’ ప్రశ్నలలో అతి తరచుగా ఎదురయ్యేది ఈ కాకే.

మరొక నమూనా. ఒక నగరంలో ద్విచక్ర వాహనాలు నడిపే వారికి హెల్మెట్ తప్పనిసరి చేశారు. ఆ తరువాత తలకు గాయాలతో ఆసుపత్రిలో చేరే వారి సంఖ్య పెరిగింది. కనుక హెల్మెట్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ అని ఒకరు వాదించారు. ఇందులోని లోపం ఏమిటి? హెల్మెట్ లేని రోజులలో ప్రమాద స్థలంలోనే ప్రాణం విడిచిన వారు ఆసుపత్రి లెక్కలోకి రాలేదు. ఇప్పుడు వారు బతికి, గాయాలతో ఆసుపత్రికి వస్తున్నారు. పెరిగిన అంకె నిజానికి హెల్మెట్‌కు అనుకూల సాక్ష్యం కావచ్చు. అంకెలు అబద్ధమాడలేదు. వాటిని చదివిన వాడు ఎవరిని లెక్కపెట్టారో, ఎవరిని లెక్కపెట్టలేదో అడగలేదు, అంతే.

చెప్పని మాటను పట్టుకోవడం

విద్యార్థులను ఎక్కువగా చిక్కులలో పడవేసేది వాదంలో పైకి చెప్పకుండా అంగీకరించిన మాటను గుర్తించమనే ప్రశ్న. ‘దిగువ కోర్టులలో న్యాయమూర్తుల సంఖ్యను పెంచితే పెండింగ్ కేసులు తగ్గిపోతాయి’ అన్నది వాదం అనుకుందాం. ఇందులో దాగిన మాట ఏది? కొత్త న్యాయమూర్తులు అందరూ మేధావులే అన్నదా? పెండింగ్ కేసులు దేశానికి సిగ్గుచేటు అన్నదా? కేసులు ఆలస్యం కావడానికి న్యాయమూర్తుల కొరత ఒక కారణం అన్నదా?

దీనికి అనుభవజ్ఞులైన అధ్యాపకులు చెప్పే ఉపాయం ఒకటి ఉంది. ఒక్కొక్క జవాబునూ తిరగవేసి చూడాలి. కొత్త న్యాయమూర్తులు అందరూ మేధావులు కాదనుకున్నా వాదం నిలుస్తుంది. సాధారణ ప్రతిభ గలవారు వచ్చినా కేసులు తగ్గవచ్చు. సిగ్గుచేటు కాదనుకున్నా వాదానికి నష్టం లేదు. కాని ‘ఆలస్యానికి న్యాయమూర్తుల కొరతకు ఏ సంబంధమూ లేదు’ అన్న మరుక్షణం వాదం కుప్పకూలుతుంది. సాక్షులు రాకపోవడం వల్లనో, వాయిదాల వల్లనో ఆలస్యం అవుతుంటే ఎంతమంది న్యాయమూర్తులను వేసి ఏం లాభం? తిరగవేసినప్పుడు వాదాన్ని కూల్చగలిగినదే దాగి ఉన్న మాట. ఈ ఒక్క ఉపాయాన్ని ఒంటబట్టించుకున్న విద్యార్థికి నాలుగైదు ప్రశ్నలు చేతిలో ఉన్నట్లే.

నిర్ధారణనే ఆధారంగా చూపడం ఇంకొక దోషం. దీనికి పాఠ్య పుస్తకాలలో పెద్ద పెద్ద నిర్వచనాలు ఉన్నాయి గాని, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు అన్న తెలుగు సామెతను మించిన నిర్వచనం దొరకదు. ‘ఈ పత్రిక రాసేవన్నీ నిజాలే. ఎందుకంటే తాము అసత్యాలు రాయబోమని ఆ పత్రికే ప్రకటించింది’ అన్న వాక్యం అదే కోవలోనిది.

‘తప్పక నిజం కావలసినది ఏది’ అని అడిగే ప్రశ్నలు చూడడానికి సులువు, చేయడానికి కష్టం. ఇక్కడ తెలివైన విద్యార్థే ముందు పడిపోతాడు. అతనికి బయటి విషయాలు తెలుసు. వ్యాస భాగంలో లేని సంగతిని, అది లోకంలో నిజమే కనుక, జవాబుగా గుర్తిస్తాడు. ‘లైసెన్సు ఉన్న వ్యాపారులు మాత్రమే మార్కెట్ యార్డులో కొనుగోలు చేయవచ్చు’ అని ఉంటే, లైసెన్సు ఉన్న ప్రతి వ్యాపారీ అక్కడ కొంటున్నాడని అర్థం కాదు. యార్డులో కొన్న వాడికి లైసెన్సు ఉండి తీరాలన్నదే దాని అర్థం. అలాగే ‘కొందరు’ అన్న మాటను ‘అందరూ కాదు’ అని చదవరాదు. తర్కంలో కొందరు అంటే కనీసం ఒకరు. అందరూ కూడా కావచ్చు. ‘ఎప్పుడూ’, ‘ఏ ఒక్కరూ’, ‘అన్నీ’ వంటి గట్టి మాటలతో వచ్చిన జవాబును అనుమానంతోనే చూడాలి. అలాగని వ్యాస భాగమే గట్టి మాట చెప్పినప్పుడు మెత్తని జవాబు వైపు పరుగెత్తకూడదు.

కొండపై పొగ

ఇదంతా పడమటి దేశాల దిగుమతి అనుకునే వారు లేకపోలేదు. కొండపై పొగ కనిపిస్తున్నది కనుక అక్కడ నిప్పు ఉన్నదని చెప్పడానికి భారతీయ న్యాయ దర్శనం ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు మెట్లు కట్టింది. పదిహేడవ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తెలుగువాడన్నది ప్రసిద్ధి. ఆయన రచించిన ‘తర్కసంగ్రహం’ నేటికీ సంస్కృత పాఠశాలలలో తర్కానికి తొలి పుస్తకం. పొగ ఉన్న చోట నిప్పు ఉంటుంది. మరి నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉన్నది, పొగ లేదు. నిప్పుతో పాటు తడి కట్టె కూడా చేరినప్పుడే పొగ వస్తుందని ఆ శాస్త్రం వివరిస్తుంది. పైన చెప్పిన మార్కెట్ యార్డు ప్రశ్నలో విద్యార్థి చేసే పొరపాటు సరిగ్గా ఇదే. నిప్పును చూసి పొగను ఊహించడం.

కోర్టులకు ఈ తర్కంతో ఉన్న సంబంధం మాటవరసకు చెప్పేది కాదు. ప్రత్యక్ష సాక్షి లేని హత్య కేసులలో పరిస్థితుల సాక్ష్యాన్ని ఎలా తూచాలో 1984లో శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు ఐదు సూత్రాలుగా చెప్పింది. నిరూపితమైన సంగతులు నిందితుని నేరానికి మాత్రమే పొసగాలి. అతడు నిర్దోషి అయ్యే మరో సమంజసమైన ఊహకు అవి తావు ఇవ్వకూడదు. సంగతుల గొలుసు ఎక్కడా తెగకూడదు. ‘నేరం చేసి ఉండవచ్చు’ అన్నదానికీ ‘చేసే ఉండాలి’ అన్నదానికీ మధ్య దూరం చాలా ఎక్కువన్న సంగతిని అంతకు ముందు 1973లోనే ఆ కోర్టు గుర్తుచేసింది. ఉల్లి ధర తగ్గడానికి వేరే కారణం ఉండవచ్చునా అని అడిగిన విద్యార్థే పదేళ్ల తరువాత బోనులో నిలబడిన మనిషి తరఫున అదే ప్రశ్న అడుగుతాడు. ఉల్లి విషయంలో పొరపడితే పోయేది ఒక మార్కు. అక్కడ పొరపడితే ఒక మనిషి స్వేచ్ఛ పోతుంది.

ఇంత బరువైన పరీక్షను రూపొందించేవారు కూడా తర్కానికి అతీతులు కారన్న విషయాన్ని చెప్పకుండా ఉండడం న్యాయం కాదు. 2024 డిసెంబరు పరీక్షలో కొన్ని ప్రశ్నలపై వివాదం హైకోర్టులకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 మే నెలలో ఆ ప్రశ్నలను ఒక్కొక్కటిగా పరిశీలించిన సుప్రీంకోర్టు, లక్షలాది విద్యార్థుల ఆశలు ముడిపడిన ఇటువంటి పరీక్షకు ప్రశ్నలను అలవోకగా తయారు చేస్తున్నారంటూ ఆవేదన వ్యక్తం చేసింది. జవాబు ఒక్కటే ఉండాలన్న నియమం విద్యార్థికి ఎంత వర్తిస్తుందో ప్రశ్న రాసేవారికీ అంతే వర్తిస్తుంది.

భాష అనే అడ్డుగోడ

అసలు చిక్కు మరొకటి ఉంది. ‘క్లాట్’ కేవలం ఇంగ్లీషులోనే జరుగుతుంది. ‘నీట్’, ‘జేఈఈ మెయిన్’ పరీక్షలను 2021 నుంచి 13 భాషలలో రాయవచ్చు. డాక్టరు, ఇంజనీరు కాగోరే వారికి ఉన్న ఈ వెసులుబాటు న్యాయవాది కాగోరే వారికి ఎందుకు లేదని ప్రశ్నిస్తూ 2023లో ఢిల్లీ హైకోర్టులో ఒక న్యాయ విద్యార్థి వ్యాజ్యం వేశారు. ప్రాంతీయ భాషలలో పరీక్ష నిర్వహించాలన్న అభిప్రాయాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ కేసులో సమర్థించింది. పొరుగున పాకిస్తాన్‌లో 2018 నుంచి జరుగుతున్న న్యాయ ప్రవేశ పరీక్షలో తర్కానికి ప్రత్యేక విభాగం లేకపోయినా, అందులోని వ్యాసాన్ని ఇంగ్లీషులో గాని ఉర్దూలో గాని రాసే అవకాశం ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాలలో న్యాయ కళాశాలల ప్రవేశానికి వేర్వేరుగా జరిగే ‘లాసెట్’లో ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. 120 ప్రశ్నలకు 90 నిమిషాల గడువు గల ఆ పరీక్షలో మానసిక సామర్థ్యం అన్నది సాధారణ పరిజ్ఞానంతో కలిపి 30 ప్రశ్నలకు పరిమితం. కాగా షామీర్‌పేటలోని నల్సార్‌లోనో, సబ్బవరంలోని విశాఖ విశ్వవిద్యాలయంలోనో చదవాలంటే, అవి తెలుగు గడ్డపైనే ఉన్నప్పటికీ, తెలుగు విద్యార్థి ఇంగ్లీషు తర్కాన్ని దాటి వెళ్లవలసిందే.

ఇంగ్లీషు రానివాడు ఉన్నత న్యాయస్థానాలలో వాదించలేడు కదా అని అనేవారి మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే పదిహేడేళ్ల వయసులో ఇంగ్లీషును వేగంగా చదవలేకపోవడం వేరు, ఎప్పటికీ నేర్చుకోలేకపోవడం వేరు. ఐదేళ్ల కోర్సు ఉన్నది నేర్చుకోవడానికే. పరీక్ష తర్కాన్ని కొలుస్తున్నదా, ఇంగ్లీషు మీడియం బడిని కొలుస్తున్నదా అన్న ప్రశ్నకు ఇంకా సంతృప్తికరమైన జవాబు రాలేదు. పేద, గ్రామీణ విద్యార్థులు ఈ విశ్వవిద్యాలయాలలో అరుదుగా కనిపించడం చూసి న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో ‘ఐడియా’ అనే సంస్థను స్థాపించారు. అటువంటి విద్యార్థులను వెదికి, ప్రవేశ పరీక్షకు తర్ఫీదు ఇవ్వడం దాని పని. బషీర్ 2019లో కన్నుమూసినా ఆ సంస్థ కృషి కొనసాగుతున్నది. దరఖాస్తుకే సాధారణ అభ్యర్థి నుంచి 4,000 రూపాయలు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారి నుంచి 3,500 రూపాయలు వసూలు చేస్తున్న ఈ పరీక్షలో కోచింగ్ ఖర్చు గురించి వేరే చెప్పనక్కర లేదు.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన వారికి చేదోడుగా ఒక చిన్న మార్గం ఉంది. ఇంగ్లీషు తర్కాన్ని నడిపించే మాటలు నిజానికి చాలా తక్కువ. ‘ఇఫ్’, ‘ఓన్లీ ఇఫ్’, ‘అన్‌లెస్’, ‘ఆల్దో’, ‘దేర్‌ఫోర్’, ‘సిన్స్’ వంటివి పాతిక ముప్పై ఉంటాయి. వీటిని తెలుగు నుడికారంలోకి తెచ్చుకుంటే తెర తొలగినట్లవుతుంది. ‘ఇఫ్’ అంటే పడితే. ‘ఓన్లీ ఇఫ్’ అంటే పడితేనే. ‘ఆల్దో’ అంటే పడినా. ‘అన్‌లెస్’ అంటే పడితే తప్ప. ఇంగ్లీషు నాలుగు వేరు వేరు మాటలతో చెప్పేదాన్ని తెలుగు ఒకే క్రియకు తోకలు మార్చి చెబుతుంది. ఆ తోకల తేడా తెలిసిన వాడికి తర్కం కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

సాధన తీరు

ఈ విభాగానికి కావలసినది పుస్తకాల గుట్ట కాదు. రోజూ ఒక సంపాదకీయం చాలు. తెలుగుదైనా, ఇంగ్లీషుదైనా, తొలి నెలలో తెలుగుదే మేలు. చదివి, రచయిత చివరికి ఒప్పించదలచినది ఏమిటో ఒకే వాక్యంలో రాయాలి. దానికి ఆయన చూపిన ఆధారాలను విడిగా రాయాలి. చెప్పకుండా వదిలివేసినది ఏమిటో ఆలోచించాలి. రచయితతో ఏకీభవించే వ్యాసాల కంటే విభేదించే వ్యాసాలపై ఈ కసరత్తు చేయడం కష్టం, ఉపయోగం కూడా ఎక్కువే. నచ్చని వాదంలో లోపాలు అందరికీ కనిపిస్తాయి. నచ్చని వాదంలోని బలాన్ని ఒప్పుకోగలగడం దగ్గరే చాలామంది ఆగిపోతారు.

పాత ప్రశ్నపత్రాలను చేసేటప్పుడు తప్పు జవాబుల కోసం ఒక ప్రత్యేక నోటుపుస్తకం ఉంచుకోవాలి. సరైన జవాబును ఎర్ర సిరాతో రాసుకుంటే చాలదు. తప్పు జవాబు ఎందుకు ఆకర్షించిందో రాయాలి. బయటి జ్ఞానాన్ని తెచ్చుకున్నారా, ‘కొందరు’ను ‘అందరు’గా చదివారా, ప్రశ్న బలపరచమంటే బలహీనపరిచారా? నెల తిరిగేసరికి అవే రెండు మూడు పొరపాట్లు మళ్లీ మళ్లీ జరుగుతున్నాయని ఆ పుస్తకమే చెబుతుంది. మనిషి తప్పులలో కూడా పొదుపరి. కొత్త తప్పులు ఎక్కువగా చేయడు.

తప్పు జవాబుకు పావు మార్కు కోత ఉన్నదన్న భయంతో చాలామంది ప్రశ్నలను వదిలేస్తున్నారు. లెక్క వేసి చూస్తే ఈ భయం సగమే నిజం. నాలుగు జవాబులలో గుడ్డిగా ఒకటి గుర్తిస్తూ పోతే 16 ప్రశ్నలకు సగటున నాలుగు సరిపోతాయి, 12 తప్పుతాయి. నాలుగు మార్కులు వచ్చి మూడు పోతాయి. మిగిలేది ఒక్కటే. శ్రమకు తగ్గ ఫలం కాదు. కాని రెండు జవాబులను తర్కంతో తొలగించగలిగితే అవే 16 ప్రశ్నలలో ఎనిమిది సరిపోతాయి, ఎనిమిది తప్పుతాయి. మిగిలేవి ఆరు మార్కులు. కనుక పూర్తిగా తెలియని ప్రశ్నను వదిలేయడం, సగం తెలిసిన ప్రశ్నను వదలకపోవడం ఉత్తమం.

గడువు విషయంలోనూ ఇంతే. వ్యాస భాగాన్ని ఒకసారి నింపాదిగా చదవడం, రెండుసార్లు హడావుడిగా చదవడం కంటే తక్కువ సమయం తీసుకుంటుంది. ప్రశ్నలు ముందు చదివి వ్యాస భాగానికి రావాలా, వ్యాస భాగం ముందు చదవాలా అన్న దానిపై కోచింగ్ కేంద్రాలలో పెద్ద చర్చలే జరుగుతుంటాయి. రెండింటినీ పది పది భాగాలపై ప్రయోగించి, మార్కులు లెక్కవేసుకుని, ఎవరికి వారే తేల్చుకోవలసిన విషయమిది. ఒక విభాగానికి ఇరవై ఎనిమిది, ముప్పై నిమిషాలకు మించి ఇవ్వకుండా గడియారం ముందు పెట్టుకుని కూర్చోవడం మాత్రం అందరికీ తప్పదు.

ఇటీవలి సంవత్సరాలలో ఈ పరీక్ష డిసెంబరు నెల ఆదివారాలలో మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు జరుగుతున్నది. భోజనం చేసి కునుకు తీసే వేళ అది. తెల్లవారుజామున లేచి చదివే అలవాటు ఉన్నవారు కూడా ఆఖరి రెండు నెలలు నమూనా పరీక్షలను ఆ వేళకే రాసి చూసుకోవడం మంచిది.